జ్ఞానము ఒక అమానత్: కర్నూలు, కడప విద్యాసంస్థల తీరుపై ఒక విమర్శ

ఇస్లాంలో విద్యకు గల స్థానాన్ని గురించి వేదికలపై ప్రసంగాలకు కొదవ లేదు. మొదటి వహీ చదవమనే ఆజ్ఞతో ప్రారంభమైనదని చెప్పని ఉపన్యాసకుడు లేడు. విద్యార్జన ప్రతి ముస్లింకు విధి అనే మాట మక్తబ్ పిల్లలకు సైతం కంఠస్థమే. అయితే ఈ ప్రసంగాలన్నీ సాధారణంగా ఆర్జన దగ్గరే ఆగిపోతాయి. ఆర్జించిన విద్యను ఎవరు భద్రపరచాలి? ఎట్లా పంచాలి? ఒక మద్రసాలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన ఉస్తాద్ కన్నుమూస్తే ఆయనకు తెలిసినదంతా ఎక్కడికి పోతున్నది? ఈ ప్రశ్నలు ఎవరూ వేయరు. వేసినా, సమాధానం చెప్పవలసిన బాధ్యత తనదని ఏ సంస్థా అనుకోదు.

కర్నూలు, కడప జిల్లాలలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువు ఉన్నది. 2011 జనగణన నాటి హద్దుల ప్రకారం ఈ రెండు జిల్లాలలోనూ ముస్లింలు జనాభాలో సుమారు ఆరవ వంతు. నవాబుల పాలన, సూఫీల ఖాన్‌కాహ్‌లు, అరబ్బీ మద్రసాలు, ఉర్దూ పాఠశాలలు, కళాశాలలు, ఇటీవల ఒక విశ్వవిద్యాలయం కూడా ఇక్కడ ఉన్నవి. అనగా విద్యకు సంబంధించిన కట్టడాలకు లోటు లేదు. లోటు ఉన్నది కట్టడం లోపలి క్రమంలో. ఆ లోటు ఏమిటో, అది ఎప్పటి నుండి వస్తున్నదో, దాని వలన నష్టపోతున్నది ఎవరో పరిశీలించడమే ఈ విమర్శ ఉద్దేశ్యం.

కొలబద్ద

విమర్శకు ముందు ఒక కొలబద్ద కావాలి. దానికోసం దూరం పోనక్కరలేదు. యమామా యుద్ధంలో ఖుర్ఆన్‌ను కంఠస్థం చేసిన హాఫిజ్‌లు అనేకులు అమరులైనప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ఆందోళన చెంది ఖలీఫా హజ్రత్ అబూబకర్ (రజి) వద్దకు వెళ్ళారు. హృదయాలలో ఉన్నదానిని గ్రంథరూపంలో ఒకచోట చేర్చాలని కోరారు. ఖలీఫా మొదట సంకోచించారు. దైవప్రవక్త (స) చేయని పనిని తాము ఎట్లా చేయగలమన్నది ఆయన సందేహం. తరువాత సమ్మతించి ఆ బాధ్యతను హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)కు అప్పగించారు. జైద్ (రజి) స్వయంగా హాఫిజ్. అయినా తన జ్ఞాపకం ఒక్కదానిపైనే ఆధారపడలేదు. వ్రాసి ఉన్నవానిని, విన్నవారి సాక్ష్యాన్ని సరిచూచిన తరువాతనే చేర్చారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో ఆ మూలం నుండి ప్రతులు తీయించి ప్రధాన నగరాలకు పంపించారు.

ఈ సంఘటనలో నాలుగు పనులు విడివిడిగా కనిపిస్తాయి. మొదటిది పోగుచేయడం. రెండవది సరిచూడడం. మూడవది ప్రతులు తీయడం. నాలుగవది పంపించడం. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా మిగిలినవి వ్యర్థం. శతాబ్దం తిరగకముందే ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ హదీసులను వ్రాసి ఉంచమని మదీనాకు లేఖ పంపడానికి కూడా కారణం ఇదే. ఉలమా పోతే వారితోపాటు ఇల్మ్ కూడా పోతుందని ఆయన భయపడ్డారు. అనగా విద్యాసంస్థకు మరణాన్ని ముందుగా లెక్కలోకి తీసుకోవడం ఇస్లామీ సంప్రదాయంలో మొదటి తరం నుండి ఉన్నదే. దీనిని ఆధునిక పాలనా శాస్త్రం వచ్చి నేర్పవలసిన పని లేదు.

పంపించడం అనే నాలుగవ పనికి మరొక నిదర్శనం ఉన్నది. హిజ్రీ ఏడవ శతాబ్దపు ప్రఖ్యాత భూగోళ శాస్త్రజ్ఞుడు యాకూత్ అల్ హమవీ మర్వ్ నగరంలో కొంతకాలం గడిపాడు. అక్కడి గ్రంథాలయాలు ఒక పరదేశికి తాకట్టు ఏమీ అడగకుండా 200 సంపుటాల వరకు ఇంటికి ఇచ్చేవని ఆయన కృతజ్ఞతతో వ్రాసుకున్నాడు. 1221లో మంగోలులు మర్వ్‌ను నాశనం చేశారు. ఆ గ్రంథాలయాలు పోయినవి. కాని యాకూత్ అరువు తెచ్చుకొని చదివి తన నిఘంటువులో ఎక్కించినది ఈనాటికీ ఉన్నది. అరువిచ్చిన విద్య నిలిచింది, అలమారలో ఉంచిన విద్య కాలిపోయింది. పుస్తకాలు బయటకు ఇస్తే పోతాయని భయపడే ప్రతి నాజిమ్ ఈ వృత్తాంతాన్ని తలచుకోవలసి ఉన్నది.

కడప గ్రంథాలు ఎక్కడికి పోయినవి?

ఈ కొలబద్దతో ఇంటి చరిత్రను చూడాలి. కడపను పాలించిన మయానా నవాబులు పఠానులు. వారి దర్బారులో ఫార్సీ, అరబ్బీ గ్రంథాలు ఉండేవి. 1779లో హైదర్ అలీ సిద్ధవటాన్ని పట్టుకొని నవాబు అబ్దుల్ హలీం ఖాన్‌ను లొంగదీశాడు. నవాబుతోపాటు సంపద శ్రీరంగపట్నానికి చేరింది. ఆ సంపదలో పుస్తకాలు కూడా ఉన్నవి. 1799లో టిప్పు సుల్తాన్ వీరమరణం పొందిన తరువాత ఆయన గ్రంథాలయం కంపెనీ వారి వశమైంది. దాదాపు 2000 సంపుటాలు గల ఆ సేకరణలో అధిక భాగం కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలకు వెళ్ళింది. కొన్ని లండన్ చేరినవి.

1809లో చార్లెస్ స్టూవర్ట్ అనే ఆంగ్ల ఆచార్యుడు ఈ గ్రంథాలయానికి వివరణాత్మకమైన జాబితాను కేంబ్రిడ్జిలో అచ్చు వేయించాడు. ఈ గ్రంథాలలో టిప్పు గాని, ఆయన తండ్రి గాని కొన్నవి చాలా తక్కువేననీ, సవనూరు, కడప, కర్ణాటక ప్రాంతాల నుండి యుద్ధంలో తెచ్చినవే అధికమనీ ఆయన పీఠికలో తెలియజేశాడు. జాబితాలో కవిత్వం కింద 190, చరిత్ర కింద 118, తసవ్వుఫ్ కింద 115 గ్రంథాలు లెక్కకు వచ్చినవి. వీనిలో కడప నుండి వెళ్ళినవి ఏవో విడదీసి చెప్పడం సులభం కాదు. ఎందువలన? కడపలో ఉన్నప్పుడు వానికి వేసిన జాబితా ఏదీ చేతికి రాలేదు గనుక.

ఈ కథను తలచుకొని విలపించడం సులభం. హైదర్‌ను నిందించవచ్చు, కంపెనీని నిందించవచ్చు. ఆ నిందలో న్యాయం లేకపోలేదు కూడా. అయితే విమర్శకుని దృష్టి మరొక చోట నిలవాలి. కడప నవాబుల పుస్తకాల ఊసు ఈనాడు తెలియడానికి కారణం వానిని స్వాధీనం చేసుకున్నవారు వేసిన జాబితా. కట్టిన వంశం పోయింది, చదివిన పండితులు పోయారు. లెక్క వ్రాసిన వాని కాగితం ఒక్కటే మిగిలింది. జాబితా అనేది గుమాస్తా పని అని చిన్నచూపు చూచేవారికి ఇంతకంటె పెద్ద సమాధానం అక్కరలేదు.

బ్రౌను పద్ధతి

అదే కడపలో ఒక తరం గడిచిన తరువాత వేరొక దృశ్యం కనిపిస్తుంది. 1820లో సి.పి. బ్రౌను ఉద్యోగరీత్యా కడపకు వచ్చాడు. అక్కడ బంగళా కొని, పండితులను జీతాలిచ్చి పెట్టుకొని, ఒకే గ్రంథానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పాఠాలు పోల్చి, శుద్ధప్రతి వ్రాయించేవాడు. వేమన పద్యాలు అట్లా వెలుగులోకి వచ్చినవే. పోగుచేయడం, సరిచూడడం, ప్రతులు తీయడం, పంపించడం అనే నాలుగు పనులనూ ఆయన చేశాడు. ముస్లిం పాఠకులు ప్రత్యేకించి గుర్తించవలసిన విషయం ఒకటి కలదు. తెలుగులో కలిసిపోయిన అరబ్బీ, ఫార్సీ, హిందుస్తానీ మాటలకు బ్రౌను విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువు కూర్చాడు. జవాబు, హుకుం, రాజీనామా, వకాలతు, తహసీలు వంటి మాటలు కచేరీలలోనే గాక పల్లె రైతు నోట కూడా ఆడుతున్నవని ఆయన గమనించాడు. ఉర్దూ మాట్లాడే విద్వాంసులు ఎందరో ఇదే గడ్డపై ఉండగా ఈ పని చేసినవాడు బయటివాడు.

బ్రౌను పాలకుల పక్షపు ఉద్యోగి. ఆయన శ్రమలో పాలనా ప్రయోజనం కూడా ఉన్నది. పైగా ఆయన సేకరణ కడపలో ఉండలేదు. మద్రాసుకు పోయింది. ఈనాడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నది. కొల్లగొట్టి తీసుకుపోవడానికీ, ప్రజల గ్రంథాలయానికి అప్పగించడానికీ నైతికంగా ఎంతో భేదం ఉన్నది. అయినా కడపలోని విద్యార్థికి రెండూ దూరమైనవే. ఈ కొరతను తీర్చడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనుకున్నారు. బ్రౌను బంగళా ఉండిన స్థలంలోనే ఊరూరా చందాలు, పుస్తకాలు సేకరించి బ్రౌను పేర గ్రంథాలయాన్ని, భాషా పరిశోధన కేంద్రాన్ని నిలబెట్టారు. తరువాత అది యోగి వేమన విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చింది. హనుమచ్ఛాస్త్రి 2014లో కన్నుమూశారు. గ్రంథాలయం మాత్రం ఆగలేదు. వ్యక్తి పోయినా నిలిచేదే సంస్థ అనడానికి ఇది కడప నడిబొడ్డున ఉన్న రుజువు. ఈ కేంద్రం కడప జిల్లా కైఫీయత్తులను కూడా సంపుటాలుగా వెలువరించింది. కైఫియత్ అనేది అరబ్బీ మాట. మెకంజీ దొర మనుషులు ఊరూరు తిరిగి వ్రాసుకున్న ఆ వృత్తాంతాలలో గుడి మాన్యాలతోపాటు మసీదు ఇనాముల ప్రస్తావన కూడా వస్తుంది. ఉర్దూ పాఠశాలల ఉపాధ్యాయులు వీనిని తెరచి చూడవలసిన అవసరం ఎంతైనా కలదు.

కర్నూలులో కట్టినది, కట్టవలసినది

కర్నూలు వైపు చూస్తే మొదట డాక్టర్ అబ్దుల్ హఖ్ కనిపిస్తారు. కర్నూలు బిడ్డ, అఫ్జలుల్ ఉలమా, మద్రాసులోని ప్రభుత్వ మొహమ్మడన్ కళాశాలకు ప్రిన్సిపాల్. 1947లో, దేశమంతా విభజన కల్లోలంలో ఉన్న సంవత్సరంలో, ఆయన కర్నూలులో ఉస్మానియా కళాశాలను స్థాపించారు. ఆనాడు ముస్లింలలో ఎందరో పోదామా ఉందామా అని తల్లడిల్లుతున్నారు. అటువంటి సమయంలో కళాశాలకు పునాది వేయడం అంటే ఇక్కడే ఉంటామనీ, ఇక్కడే చదువుతామనీ చెప్పడమే. మద్రాసులో 1951లో ఏర్పడిన న్యూ కాలేజీ వెనుక కూడా ఆయన కృషి ఉన్నది. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కర్నూలులో నెలకొల్పిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టడం సముచితం. 2018లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కడపలో పాలిటెక్నిక్‌ను ప్రారంభించింది. 2022లో రాష్ట్రమంతటా ఉర్దూకు రెండవ అధికార భాష హోదా కూడా లభించింది.

ఇవి సంతోషించవలసిన విషయాలే. కాని కట్టడాన్ని చూచి తృప్తిపడేవారికి కర్నూలు–కడప కాలువ ఒక పాఠం. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860వ దశకంలో తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట వేసి, కడప వరకు కాలువ త్రవ్వింది. నీరు పారింది. కాని రైతులు నీరు కొనడానికి ముందుకు రాలేదు. మెట్ట సేద్యానికి అలవాటుపడినవారిని తరి సేద్యానికి మళ్ళించడం కాలువ త్రవ్వినంత మాత్రాన అయ్యే పని కాదు. కంపెనీకి లాభం రాలేదు. 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసి వచ్చింది. పిల్ల కాలువ లేని పెద్ద కాలువ పొలాన్ని తడపదు. విశ్వవిద్యాలయం పెద్ద కాలువ. మొహల్లా మక్తబ్, మండల ఉర్దూ పాఠశాల, మసీదు గ్రంథాలయం పిల్ల కాలువలు. ఈ రెంటిని కలిపే తూములు ఎక్కడ ఉన్నవని అడగడమే ఈ విమర్శ సారాంశం.

భాష అనే తాళం

తూము మూసుకొనిపోయిన చోటు ఒకటి భాష. ఖుర్ఆన్ తెలుగులోకి వచ్చిన చరిత్రే దీనికి సాక్షి. 1925లో తెలుగులో మొదటి అనువాదం వెలువరించినవారు చిలుకూరి నారాయణరావు. అనంతపురం కళాశాలలో ఆచార్యులు. 1928లో నంద్యాల సభలో దత్తమండలాలకు రాయలసీమ అనే పేరు సూచించినవారుగా కూడా ఆయన ప్రసిద్ధులు. అనగా ఈ సీమకు పేరు పెట్టిన చేయి, ఈ సీమ భాషలోకి ఖుర్ఆన్‌ను తెచ్చిన చేయి ఒక్కటే. ఆయన ముస్లిం కారు. ఆయన శ్రమను గౌరవించడం ఒక విషయం. ఆ శ్రమ ఆయనకే ఎందుకు మిగిలిందని అడగడం మరొక విషయం. శతాబ్దాలుగా అరబ్బీ, ఫార్సీ నేర్చిన కుటుంబాలు ఉన్న నేలపై, పక్కింటి తెలుగువాడికి ఖుర్ఆన్ ఏమంటున్నదో చెప్పే పుస్తకం ఒకటి లేకపోయింది. చదివినవారు చదివినది ఉర్దూలోనే ఉంచుకున్నారు. 1940వ దశకంలో కర్నూలుకు చెందిన మౌల్వీ అబ్దుల్ గఫూర్ ఈ కొరతను గుర్తించి ఖుర్ఆన్‌ను తెలుగు చేశారు. తరువాత హైదరాబాదు నుండి మరికొన్ని అనువాదాలు వచ్చినవి.

అబ్దుల్ గఫూర్ వంటి ఒక అనువాదకుడు ఎంతో తెలుసుకొని ఉంటాడు. రహ్మత్‌కు కరుణ అనాలా, దయ అనాలా? తఖ్వాకు భయభక్తులు సరిపోతుందా? రబ్‌ను ప్రభువు అంటే ఏమి పోతుంది? ఇటువంటి వందల నిర్ణయాల వెనుక ఒక మనిషి రాత్రుల శ్రమ ఉంటుంది. ఆ నిర్ణయాలను వాని కారణాలతో సహా ఒక పదకోశంగా వ్రాసి ఉంచితే తరువాతి అనువాదకుడు అక్కడి నుండి మొదలుపెట్టగలడు. లేకపోతే ప్రతివాడూ మొదటి మెట్టు నుండే ఎక్కవలసి వస్తుంది. తెలుగులో ఇస్లామీ పారిభాషిక పదాలు ఒక పుస్తకంలో ఒక తీరుగా, మరొక పుస్తకంలో మరొక తీరుగా ఉండడానికి కారణం ఇదే. నమాజు, జకాత్ వంటి మాటల వర్ణక్రమంలోనే ఏకత లేదు. ఇది పండితుల తెలివి లోపం కాదు. ఒకరి పని మరొకరికి అందకపోవడం వలన వచ్చిన లోపం.

ఈనాడు పరిస్థితి మరింత చిక్కుపడింది. కర్నూలు, కడప ముస్లిం ఇండ్లలో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఎందరో ఉన్నారు. చదవగలవారు వారిలో కొందరే. బడిలో తెలుగు గాని ఇంగ్లీషు గాని చదువుతారు. తాత వ్రాసిన ఉత్తరం మనుమడికి గీతల చిత్రమే. తాత తెచ్చిన కితాబులు ఆ ఇంటిలోనే ఉన్నా ఆ ఇంటికి పరాయివే. ఒక తరం లోపల ఈ పుస్తకాలలో ఏమున్నదో తెలుగులో వ్రాసి ఉంచకపోతే, చెదలు పట్టక మునుపే అవి చనిపోయినట్లు లెక్క.

లోపం ఎక్కడ ఉన్నది?

ఏ ఒక్క సంస్థ పేరూ ఎత్తనవసరం లేదు. ఈ లక్షణాలు రాయలసీమ అంతటా కనిపించేవే. మద్రసాలో బీరువాలు ఉంటాయి. బీరువాపై దానమిచ్చిన వారి పేరు ఉంటుంది. లోపల ఏ కితాబులు ఉన్నవో తెలిపే చీటీ ఉండదు. తాళంచెవి నాజిమ్ వద్ద ఉంటుంది. నాజిమ్ ఊరిలో లేని రోజు ఉస్తాద్ కూడా కితాబు తీయలేడు. నాజిమ్ మరణిస్తే తాళంచెవి కొంతకాలం ఆయన కుమారుల వద్ద, తరువాత ఎవరి వద్దనో తేలదు. పుస్తకం వక్ఫ్ చేసినవారు చదవడం కోసం వక్ఫ్ చేశారు. చదవనీయకుండా కాపాడడం వక్ఫ్ షరతును నెరవేర్చడం కాదు.

కళాశాలలో తీరు వేరు, ఫలితం ఒకటే. అధ్యాపకుడు ముప్పై ఏళ్ళలో తయారుచేసుకున్న నోట్సు, ప్రశ్నావళులు, విద్యార్థుల తప్పులను చూచి నేర్చుకున్న మెళకువలు పదవీ విరమణ రోజున ఇంటికి పోతాయి. పూలదండ వేసి, శాలువా కప్పి పంపిస్తారు. ఆయన తరువాత వచ్చిన యువకుడికి ఆయన వదిలిన కాగితం ఒక్కటి దొరకదు. పదేళ్ళ తరువాత ఆ నోట్సు పాత కాగితాల వ్యాపారి త్రాసులో తేలుతుంది. పాఠశాల ప్రధానోపాధ్యాయుని సంగతి కూడా ఇంతే. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఏ ధృవపత్రం ముందుగా తేవాలి, ఏ కార్యాలయంలో ఏ నెలలో వెళ్ళాలి అనేది ఆయనకు తెలుసు. ఆయన బదిలీ అయిన సంవత్సరం పిల్లలు ఆ డబ్బు పోగొట్టుకుంటారు. అక్కడ పోయినది ఒక బీద పిల్ల చదువు.

దారుల్ ఇఫ్తాల విషయం మరింత గంభీరమైనది. వారసత్వం, తలాఖ్, వక్ఫ్ భూమి కౌలు, వడ్డీ అప్పు వంటి సమస్యలపై ఊరివారు వచ్చి ముఫ్తీని అడుగుతారు. కరువు సీమలో వేరుశనగ పంట పోయిన రైతు అడిగే ప్రశ్న ఢిల్లీ ఫత్వా సంపుటాలలో సరిగ్గా ఆ రూపంలో దొరకదు. ఇక్కడి ముఫ్తీ ఆలోచించి సమాధానం చెబుతాడు. దానికి నకలు ఉంచి, సంఖ్య వేసి, విషయసూచిక కట్టే అలవాటు ఉన్న చోట అది సీమకంతటికీ ఫిఖ్ సంపద అవుతుంది. లేని చోట అడిగినవాని జేబులోనే చిరిగిపోతుంది.

ఇక ప్రకృతి కూడా ఉన్నది. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాత నగరాన్ని ముంచివేసినవి. నీరు మిద్దెల వరకు వచ్చిన వీధులలో కాగితం ఏది మిగులుతుంది? ఎన్ని ఇండ్ల ఖబాలాలు, ఎందరి బయాజ్‌లు, ఎన్ని పాత కితాబులు ఆ బురదలో కలిసినవో లెక్క కట్టేవారు లేరు. ఏమి ఉండినదో చెప్పే జాబితా లేకపోతే ఏమి పోయినదో చెప్పడానికైనా వీలుండదు.

ఆక్షేపణలు

ఈ విమర్శకు నాలుగు ఆక్షేపణలు రావచ్చును.

మొదటిది పెద్దలది. ఇల్మ్ అంగడి సరకు కాదు, ఉస్తాద్ ముందు మోకరిల్లి నేర్చుకోవలసినది, అందరికీ తలుపులు తెరిస్తే అరకొర చదువు ప్రబలుతుందని వారు అంటారు. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. కాని ఇజాజత్ పద్ధతిని నిదానంగా చూస్తే అది దాచే పద్ధతి కాదు. ఎవరు ఎవరి వద్ద ఏ కితాబు చదివారో తరతరాల పేర్లతో వ్రాసి ఉంచే పద్ధతి అది. వేలూరు బాఖియాతుస్సాలిహాత్‌కు, 1924లో స్థాపితమైన ఉమరాబాద్ జామియా దారుస్సలాంకు వెళ్ళి చదువుకొని వచ్చిన ఆలిమ్‌లు సీమలో ఉన్నారు. వారి సనద్‌లు గోడపై వ్రేలాడుతుంటాయి. ఆ ఆలిమ్ వద్ద ఎవరెవరు ఏమి చదివారో తెలిపే రిజిస్టరు ఎన్ని మద్రసాలలో ఉన్నది? పెద్దల పద్ధతిని పూర్తిగా పాటించమని కోరడమే గాని దానిని వదలమని కోరడం కాదు. తెలిసిన విద్యను అడిగినవారికి దాచినవానికి హదీసులో ఎంత కఠినమైన హెచ్చరిక ఉన్నదో ఆ పెద్దలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

రెండవది పుస్తకాలు పోతాయనే భయం. పోతాయి. కొన్ని తప్పక పోతాయి. దానికి మందు తాళం కాదు, రిజిస్టరు. ఎవరు తీసుకున్నారో వ్రాసి ఉంటే పోయినది తిరిగి రావడానికి దారి ఉంటుంది. బీరువాలో పురుగు తిన్న కితాబుకు తిరిగి వచ్చే దారి లేదు.

మూడవది డబ్బు. జాబితా వ్రాయడానికి గీతల నోటుపుస్తకం, సెలవుల్లో నలుగురు విద్యార్థులు, వారిని నడిపించే ఒక ఉస్తాద్ చాలు. మసీదుకు మినారు కట్టడానికి చందా దొరికే ఊరిలో ఈ ఖర్చు దొరకదని చెప్పడం నమ్మదగిన మాట కాదు.

నాలుగవది ఈ కాలపుది. అన్నీ ఫోనులోనే ఉన్నవి గదా, ఈ శ్రమ ఎందుకని యువకులు అడుగుతారు. సహీహ్ బుఖారీ ఫోనులో ఉన్నది, నిజమే. కాని కర్నూలు మొహల్లాలోని మసీదు వక్ఫ్‌నామా, కడప ఖాన్‌కాహ్‌లో ఎవరో వ్రాసుకున్న బయాజ్, పల్లెటూరి ఉస్తాద్ పిల్లలకు తజ్వీద్ నేర్పడానికి కనిపెట్టిన కిటుకు ఫోనులోకి ఎవరో ఎక్కిస్తేగాని రావు. ఫోను ఆ పనికి మంచి సాధనం. పుట తరువాత పుట బొమ్మ తీయవచ్చును. అయితే పేరు, తేదీ, స్థలం వ్రాయని వేయి బొమ్మలు కూడా తాళం వేసిన బీరువాతో సమానమే.

చేయవలసినది

కావలసినది పెద్ద పథకం కాదు. ప్రతి సంస్థ ఒక సంవత్సరంలో తన వద్ద ఉన్న గ్రంథాల జాబితాను ఉర్దూలోనూ, తెలుగులోనూ వ్రాయాలి. దానికి మూడు ప్రతులు తీసి, ఒకటి తన వద్ద, ఒకటి పొరుగు సంస్థ వద్ద, ఒకటి కర్నూలు ఉర్దూ విశ్వవిద్యాలయం వద్ద ఉంచాలి. అప్పుడు కడప విద్యార్థి తనకు కావలసిన తఫ్సీర్ ఆదోనిలో ఉన్నదో నంద్యాలలో ఉన్నదో తెలుసుకోగలడు. పదవి విడిచే ప్రతి ఉస్తాద్, ప్రతి ప్రధానోపాధ్యాయుడు తన తరువాత వచ్చేవారి కోసం పది పుటల వసీయత్ వ్రాయాలి. ఆస్తికి వసీయత్ వ్రాసే సమాజం విద్యకు వ్రాయకపోవడం వింత. ఫత్వాలకు నకలు, సంఖ్య, సూచిక ఉండాలి. అడిగినవారి పేర్లు తీసివేసి, ఎంపిక చేసినవానిని తెలుగులో ప్రకటించాలి. అనువాదకులు, ఉర్దూ ఉపాధ్యాయులు, తెలుగు పండితులు కలిసి పారిభాషిక పదాల పట్టికను మొదలుపెట్టాలి. బ్రౌను ఒంటరిగా మొదలుపెట్టగలిగినదానిని రెండు జిల్లాల సంస్థలు కలిసి చేయలేకపోవడానికి కారణం లేదు.

వీనిలో ఏదీ కొత్త కాదు. పోగుచేయడం, సరిచూడడం, ప్రతులు తీయడం, పంపించడం అనే నాలుగు పనులకే ఇవి నేటి రూపాలు. బద్ర్ యుద్ధంలో పట్టుబడినవారిలో చదువు వచ్చినవారిని, పదిమంది పిల్లలకు వ్రాత నేర్పితే విడుదల చేస్తామని చెప్పిన సమాజం ఇది. శత్రువు వద్ద ఉన్న విద్యను కూడా పంచుకున్నవారి వారసులు సొంత బీరువాలోని విద్యను పంచుకోలేకపోవడం శోచనీయం.

అమానత్ అంటే దాచడం అనే అర్థం ప్రచారంలో ఉన్నది. అసలు అర్థం హక్కుదారుకు చేర్చడం. చేరేదాకా దాచడం అందులో ఒక భాగమే. గ్రంథాలకు హక్కుదారులు ఈనాడు కర్నూలు, కడప వీధులలో తెలుగు వాచకాలు చంకన పెట్టుకొని బడికి పోతున్న పిల్లలు. కడప నవాబుల గ్రంథాల జాబితా కేంబ్రిడ్జిలో అచ్చయింది. ఈ పిల్లలకు చేరవలసినవాని జాబితా ఎక్కడ వ్రాయబడుతుందో సంస్థల పెద్దలు నిర్ణయించుకోవలసి ఉన్నది.